మానేస్తున్న మహానుభావుడు

ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. సిగరెట్ తాగేవాడు కాదు, తాగనివాడూ కాదు. మానేస్తున్నవాడు. జనవరి ఒకటికి మానేస్తాడు, ఉగాదికి మానేస్తాడు, అమ్మాయి పుట్టినరోజుకి మానేస్తాడు. అయ్యప్ప మాల వేసుకుంటే మాత్రం 41 రోజులూ పొగ జోలికే పోడు. మాల తీశాక స్వామి కాస్తా మళ్ళీ సారైపోతాడు. సారు నేరుగా కిళ్ళీకొట్టుకి వెళ్తాడు.

మానేస్తున్నవాడు పెట్టె కొనడు. కొంటే తాగేవాడి కింద లెక్క. విడిగా ఒకటి అడుగుతాడు, లేదంటే పక్కవాడి దగ్గర 'ఒక్క దమ్ము' లాగుతాడు. పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే హెచ్చరిక వేయించింది ప్రభుత్వం. విడి సిగరెట్ కొనేవాడు దాని మొహమే చూడడు. బహిరంగ స్థలంలో కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి వెళ్తాడు. అది బహిరంగం కాదని ఆయన నమ్మకం. తిరిగొచ్చేటప్పుడు నోట్లో సోంపు, చొక్కాకి సెంటు, మొహం నిండా అమాయకత్వం.

'కన్యాశుల్కం'లో గిరీశం పొగ తాగడానికి పద్యం అడ్డం పెట్టుకున్నాడు. మనవాడికి ఈమధ్య ధ్యానం దొరికింది. జడ్సన్ బ్రూయర్ అనే అమెరికా డాక్టరు ప్రసంగం ఫోన్లో చూశాడట. బలవంతంగా మానక్కర్లేదు, తాగేటప్పుడు ఎలా ఉందో కుతూహలంగా గమనించండి అంటాడా డాక్టరు. మనవాడు మొదటి సగం వెంటనే ఆచరణలో పెట్టేశాడు. 2011లో యేల్ వాళ్ళు 88 మందితో చేసిన అధ్యయనాన్ని క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతాడు: "ఎరుక నేర్చుకున్నవాళ్ళలో 17 వారాలకి 31 శాతం మంది పొగకి దూరం. మామూలు శిక్షణ తీసుకున్నవాళ్ళలో 6 శాతమే!" చెబుతూ చెబుతూ ఒకటి వెలిగిస్తాడు. "బాబాయ్, ఇది తాగడం కాదు, పరిశీలన."

"పరిశీలనకైనా అదే రేటు సార్, చిల్లరివ్వండి" అంటాడు కొట్టు బాబాయ్.

ఒకరోజు గ్రహపాటున ఫోన్ చార్జింగ్ అయిపోయింది. టీ ఇంకా మరగలేదు. కబుర్లకి తోడెవరూ లేరు. ఇన్నేళ్ళుగా ఆయన సిగరెట్‌తో పాటు తాగింది ఈ మూడింటినే. ఆ రోజు తొలిసారి సిగరెట్ ఒక్కటే మిగిలింది. మొదటి దమ్ముకి నాలుక మీద చేదు. రెండో దమ్ముకి గొంతులో గరగర, కంట్లో నీరు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. మూడోది పీల్చబోయి ఆగి, సిగరెట్‌ని ఇటూ అటూ తిప్పి చూశాడు. కింద పడేసి తొక్కాడు.

"సగం ఉంది సార్!" బాబాయ్ గుండె బాదుకున్నంత పని చేశాడు.

ఆనాటి నుంచి ఆయన కోరికని కూడా గమనించడం మొదలెట్టాడు. భోజనం అవగానే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, దవడలు బిగుస్తాయి, నోట్లో నీళ్ళూరతాయి. దాంతో కుస్తీ పట్టకుండా ఊరికే చూస్తూ కూర్చుంటే పెరిగి, పెరిగి, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త దీన్ని అల మీద సవారీ అన్నాడు. మనవాడు ఆ సవారీ ఆఫీసు మీటింగుల్లో చేస్తాడు. మొన్న కళ్ళు మూసుకుని గట్టిగానే అన్నాడు: "కోరిక లేచింది. ఛాతీలో తెలుస్తోంది. కదలకుండా చూస్తే పోతుంది." ఎదురుగా ఉన్న హెచ్‌ఆర్ మేడమ్ కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, సిగరెట్లు తగ్గాయి. నెలాఖరున బాబాయ్ ఖాతా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చిక్కల్లా ఇంట్లోనే. పొగ తగ్గేసరికి నాలుకకి రుచి తిరిగొచ్చింది, నోటికి తీరిక దొరికింది. రాత్రి కంచం ముందు కూర్చుని, ముద్ద మింగి, కళ్ళు మూసుకుని, "పప్పులో నువ్వు ఉప్పు ఎక్కువ వేస్తావని ఇన్నేళ్ళకి గమనించానే" అన్నాడు.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఇక మీదట అలాంటి మాట నోటిదాకా వస్తే దాన్నీ ఊరికే గమనించండి. కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుందట కదా!"