కోతలో నిలవనివారి కూలి: గోల్ఫ్ అధ్యక్షుల వారికి ఆదోని, ఎమ్మిగనూరు తాలూకాల బహిరంగ లేఖ

ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా (పి.జి.టి.ఐ.) అధ్యక్షులు శ్రీ కపిల్ దేవ్ గారి సముఖమునకు,

విషయం: ఒక టూర్‌లో ఆడినవారికి మరొక టూర్‌లో చోటు లేదనడం, ఆటగాళ్ల కూలి, జీతం, బయానా లెక్కలపై కర్నూలు జిల్లా పడమటి తాలూకాల వారి విన్నపం.

అయ్యా,

గోల్ఫ్ మైదానమన్నది ఒక్కటైనా లేని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు ఈ ఏడైనా చివరి మడికి చేరతాయో లేదోనని ఎదురుచూసే రైతులూ, మగ్గం మీద మజూరీ లెక్క చూసుకునే నేతగాళ్లూ, సంక్రాంతి వెళ్లీ వెళ్లకముందే పిల్లాపాపలతో గుంటూరు దారి పట్టే కూలీలూ ఉమ్మడిగా పంపుతున్న ఈ లేఖ తమరికి వింతగా తోచవచ్చు. పచ్చికను తడపడానికే అంత నీరు ఖర్చుపెట్టే ఆటను గురించి కరువు సీమ మాట్లాడడం అధికప్రసంగమని కూడా అనిపించవచ్చు. అయితే మైదానం మంజూరు చేయమని అడిగే ఉద్దేశం ఇక్కడ ఎవరికీ లేదు. ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు మీది గుంతలను గోల్ఫ్ మైదానపు గుంటల్లా పద్దెనిమిదిగా లెక్కపెట్టి చూపే హాస్యం బాగా పాతబడినందున దాని జోలికీ పోవడం లేదు. లేఖకు కారణం వేరు. ప్రపంచ గోల్ఫ్‌లో 2022 నుంచి, భారత గోల్ఫ్‌లో 2025 నుంచి సాగుతున్న తగవు, పైపై మర్యాదలన్నీ తీసేసి చూస్తే, ఒక కూలి తగవు. కూలి తగవుల విషయంలో మాత్రం ఈ ప్రాంతపు పాండిత్యం ఎవరికీ తీసిపోదు.

ముందుగా పదాల సంగతి. వృత్తి గోల్ఫ్‌లో ‘టూర్’ అంటే ఆటగాళ్లు ఊరు వెంట ఊరు మారుతూ ఆడే పోటీల వరుస. ఆ వరుసను నడిపే సంస్థకూ అదే పేరు. ప్రతి పోటీకి మొత్తం బహుమతి సొమ్మెంతో ముందే ప్రకటిస్తారు. అందులో విజేత వాటా అమెరికాలోని పి.జి.ఎ. టూర్‌లో సాధారణంగా 18 శాతం కాగా, తమరి సంస్థ హైదరాబాద్‌లో నడిపే గోల్కొండ మాస్టర్స్ వంటి కోటి రూపాయల పోటీలో 15 లక్షలు. మొదటి రెండు రోజుల ఆట ముగిశాక వెనకబడినవారిని ఇంటికి పంపే పద్ధతిని ‘కట్’ అంటారు, తెలుగు చేస్తే కోత. అమెరికా టూర్ సాధారణ పోటీల్లో తొలి 65 స్థానాల్లో నిలిచినవారూ, 65వ స్థానంతో సమానంగా ఉన్నవారూ కోత దాటి మిగిలిన రెండు రోజులు ఆడతారు. దాటనివారికి ఆ వారం పైసా రాదు, కానీ ప్రయాణం, హోటలు గది, బ్యాగు మోసిన క్యాడీ కూలి మాత్రం ఎప్పటిలాగే ఖర్చవుతాయి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం మండలాల వారికి ఈ పదం దగ్గర చిన్న తికమక ఎదురవుతుంది. వారి వాడుకలో కోతకు పోవడమంటే నాలుగు డబ్బులు కళ్లచూడడం. గోల్ఫ్ వాడుకలో కోతకు గురికావడమంటే ఉత్త చేతులతో తిరిగి రావడం.

ఈ ప్రాంతంలో శ్రమకు ధర కట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. పని జరిగిన రోజుకో, కోసిన కాయల తూకానికో ఇచ్చేది కూలి. వాన కురిసినా కురవకున్నా ఏడాదికింత అని కుదుర్చుకుని ఇచ్చేది జీతం, అలా కుదిరినవాడు జీతగాడు. పని మొదలుకాకముందే మనిషి మరొకరి వెంట పోకుండా చేతిలో పెట్టేది బయానా. కన్నడంలో పంటకోతల కాలమని అర్థమిచ్చే ‘సుగ్గి’ అనే మాట ఇక్కడ వలసకే పేరుగా స్థిరపడింది. ఆ సుగ్గి రోజులు దగ్గరపడుతుండగా మేస్త్రీ ఊళ్లోకి తెచ్చే డబ్బు ఈ మూడో రకానిది. ఏ మేస్త్రీ ఎక్కువ బయానా ఇస్తాడో అతని లారీ ముందు నిండుతుంది. దీన్ని ద్రోహమని ఇంతవరకు ఏ ఊరూ అనలేదు, పాత మేస్త్రీ తప్ప.

2022 తర్వాతి గోల్ఫ్ చరిత్రను ఈ మూడు మాటలతోనే చెప్పవచ్చు. పాత టూర్, అంటే అమెరికాలోని పి.జి.ఎ. టూర్, ఇచ్చేది కూలి, అదీ కోత దాటినవారికి. సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి సొమ్ముతో 2022 జూన్‌లో లండన్ దగ్గర మొదలైన లివ్ గోల్ఫ్ జీతాన్నీ బయానానూ కలిపి తెచ్చింది. ‘లివ్’ అనేది రోమన్ అంకెల్లో 54, అంటే 2025 వరకు మూడు రోజుల్లో ఆడిన గుంటల సంఖ్య. మొదటి ఏడాది పోటీకి 48 మంది, కోత లేదు. ఒక్కో పోటీకి రెండున్నర కోట్ల డాలర్లు, అందులో విజేతకు 40 లక్షలు, అట్టడుగున 48వ స్థానంలో నిలిచినవాడికి కూడా 1,20,000 డాలర్లు. పేరున్న ఆటగాళ్ల బయానాలైతే కోట్ల డాలర్లలో ఉన్నాయని పత్రికలు రాశాయి. భారతీయుడైన అనిర్బన్ లాహిరి ఆ ఏడాది మార్చిలో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచి 21 లక్షల డాలర్లకు పైగా గెలుచుకున్నాడు, అంటే పాత టూర్‌లో కూలి గిట్టనివాడు కాదు. అయినా ఆగస్టులో కొత్త గుడారంలో చేరాడు. దురాశ అన్న మాట ఇలాంటి వలసలన్నిటినీ వివరించలేదు. ఆట కుదరని వారం ప్రతి ఆటగాడికీ వస్తుంది, ఆ వారపు నష్టాన్ని ఆటగాడు మోయాలా, ఆడించేవాడు మోయాలా అన్నదే అసలు ప్రశ్న. సుగ్గికి పోయినచోట వాన పడి కోత ఆగిన రోజున మేస్త్రీ బియ్యం ఇస్తాడా ఇవ్వడా అన్నది కూడా ఇదే ప్రశ్న.

పాత టూర్ ఏం చేసింది? లండన్ పోటీ మొదలైన 2022 జూన్ 9నే అందులో ఆడుతున్న తన సభ్యులు 17 మందిని సస్పెండ్ చేసింది. ఏడాది నిండకముందే, 2023 జూన్ 6న, అదే సౌదీ నిధితో ఒప్పంద ముసాయిదా కుదిరిందని ప్రకటించింది. ఈ రెండు తేదీల మధ్య జరిగిన పని మాత్రం గమనించదగినది: కొన్ని పోటీల సొమ్మును రెండు కోట్ల డాలర్లకు పెంచారు, పూర్తి అర్హత ఉన్న సభ్యుడికి ఏడాదికి 5 లక్షల డాలర్ల కనీస ఆదాయం హామీ ఇచ్చారు. సంప్రదాయం పేరుతో యాభై ఏళ్లకు పైగా ఇవ్వని జీతం, బయానా ఇచ్చేవాడు వాకిట్లోకి వచ్చిన కొద్ది నెలల్లో పుట్టుకొచ్చింది. ఇంతకూ ఆ సంప్రదాయమూ చీలికతో మొదలైనదే. టెలివిజన్ సొమ్ము పెరుగుతున్న కాలంలో దాని మీద పెత్తనం తమకు లేదని ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ వంటి ఆటగాళ్లు, క్లబ్బుల్లో ఆట నేర్పేవారి ఆధిక్యం ఉన్న పాత సంఘం నుంచి 1968లో విడిపోగా పుట్టినదే నేటి పి.జి.ఎ. టూర్.

ఇక్కడ ఆదోని మార్కెట్ యార్డు నేర్పిన రెండు సంగతులు మనవి చేయవలసి ఉంది. యార్డులో పత్తి ధరను గరిష్ఠం, కనిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన మోడల్ ధర అని మూడు అంకెల్లో చెబుతారు. అందరి నోళ్లలో నానేది గరిష్ఠ ధర. ఆ ధర పలికే లాట్లు ఏ కొన్నో ఉంటాయి, రైతు ఇంటికి పట్టుకెళ్లేది ఎక్కువసార్లు మోడల్ ధరే. కాబట్టి గోల్ఫ్ వార్తల్లో విజేత చెక్కు చూసి ఆటగాళ్లంతా కుబేరులని నమ్మే అమాయకత్వం ఈ యార్డు చూసినవారికి లేదు. వారు నలభయ్యో స్థానంలోని మనిషికి ఖర్చులు పోను ఏం మిగిలిందని అడుగుతారు. రెండోది, టెండరు వేసే వ్యాపారులు తగ్గిన రోజు ధర పడిపోవడం, కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనడానికి దిగితే ప్రైవేటు వ్యాపారి కూడా కాస్త మెత్తబడడం. అమ్మేవారు ఎందరున్నా కొనేవాడు ఒక్కడే అయిన బజారును ఆర్థికశాస్త్రం కొనుగోలు గుత్తాధిపత్యం అంటుంది. యార్డులో దీన్ని ఏమంటారో లేఖలో రాయడం మర్యాద కాదు.

ఇన్ని చెప్పడం తమరికి తెలియక కాదు, క్రికెట్‌లో ఇదే తగవు తమరు స్వయంగా చూశారు. టీవీ వ్యాపారి సుభాష్ చంద్ర 2007లో స్థాపించిన ఇండియన్ క్రికెట్ లీగ్ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులు తమరే. అది భారత క్రికెట్ బోర్డు అనుమతి లేని లీగు. అందులో ఆడినవారికి బోర్డు తలుపులు మూసింది, 1983లో ప్రపంచకప్పు ఎత్తిన తమరిని సైతం ఆ ఆగస్టులో జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష పదవి నుంచి తప్పించి పింఛను నిలిపింది. తమరి లీగులోని హైదరాబాద్ హీరోస్ జట్టులో గుంటూరు కుర్రవాడు అంబటి రాయుడు చేరినప్పుడు అతనికి ఇరవై రెండేళ్లు నిండీ నిండని వయసు. ఆ జట్టు 2008లో లాహోర్ బాద్షాస్‌ను ఓడించి ట్రోఫీ గెలిచింది గానీ, గుర్తింపు లేని పోటీల పరుగులు గుర్తింపు ఉన్న పుస్తకాల్లోకి ఎక్కలేదు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాక రాయుడు తిరిగి వచ్చి, 2010లో ముంబయి ఇండియన్స్‌కు ఆడి, భారత జట్టు టోపీ పెట్టుకునేసరికి 2013 జూలై అయింది. బ్యాటు పట్టినవాడి ఆయుష్షులో ఆ ఏళ్ల విలువ తమరికంటే తెలిసినవారు అరుదు.

ఆ కాలంలోనే మరొకటీ జరిగింది. తమరి లీగు ప్రకటన వెలువడిన 2007లోనే బోర్డు దేశవాళీ పోటీల బహుమతులను పెంచింది. మరుసటి ఏడాది సొంత లీగు పెట్టి, వేలంలో మహేంద్రసింగ్ ధోనీకి 15 లక్షల డాలర్లు పలికించింది. తమరి లీగు రెండేళ్లకే మూతపడింది, కానీ అది పెంచిన కూలి మాత్రం తగ్గలేదు. లీగు పెట్టినవారు ఓడి, అందులో చేరనివారు కూడా లాభపడిన ఇలాంటి సందర్భాలు కూలి చరిత్రలో తక్కువ.

అందుకే 2024లో తమరు అధ్యక్షులైన సంస్థ, 2025లో కోటిన్నర రూపాయల పోటీలతో ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్ వచ్చి సభ్యులను పిలిచినప్పుడు, అటు వెళ్లి ఆడిన పలువురిని తన పోటీలకు దూరం పెట్టిందని తెలిసి ఈ తాలూకాలు కొంత ఆశ్చర్యపోయాయి. అత్త ఒకనాటి కోడలే అన్న సామెత సంసారాలకే కాక క్రీడా సంస్థలకూ వర్తిస్తుందని ఎవరూ అనుకోలేదు.

కొత్తగా వచ్చినవాడిని దేవుడనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. బయానా తీసుకున్న చెయ్యి కట్టుబడుతుందని ఎమ్మిగనూరు నేతగాళ్లకు తాతల నాటి నుంచి తెలుసు: షావుకారు నూలూ అప్పూ ఇచ్చి మగ్గాన్ని తనకే కట్టేసుకునే రోజుల్లో, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించడానికి ఆ కట్టు ఒక కారణం. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. షావుకారుకు నేసినవాడి వేళ్లు విరగ్గొట్టడం కాదు, నేతగాడికి మరో గుమ్మం తెరవడమే అటువంటి సంఘం పని. డబ్బున్న కొత్త మేస్త్రీ మధ్యదారిలో మనుషుల్ని దించేసి పోయిన సంగతులూ ఇక్కడ కొత్త కావు. తమరి పాత లీగు ఆటగాళ్లలోనూ బకాయిలు అందలేదన్నవారు ఉన్నారు. అలా దించేసి పోతారన్న భయం నిజమైనదే అయినప్పుడు, దానికి మందు వెళ్లినవాడు తిరిగి వచ్చే దారి తెరిచి ఉంచడం కావాలి గాని మూయడం కాదు.

చివరిగా ఒక ఆహ్వానం. పుష్య పౌర్ణమి వేళకు ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. రథోత్సవం, పశువుల సంతలతో పాటు బండలాగుడు పోటీలు కూడా ఉంటాయి. బండలాగుడు అంటే, ఎద్దుల జత బరువైన రాతిబండను నిర్ణీత నిమిషాల్లో ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలిచి స్థానాలు నిర్ణయించే పోటీ. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్ అంటూ ఎద్దు నోరు చూసి విభాగాలు చేస్తారు. బహుమతులు దాతలు ఇస్తారు, ఏడాది పొడవునా ఉలవల ఖర్చు యజమాని భరిస్తాడు, అడుగుల్లో వెనకబడినవాడు లారీ కిరాయి కూడా చేతినుంచి పెట్టుకుని పోతాడు. ఆ మేరకు ఇది గోల్ఫ్‌కు దగ్గరి చుట్టమే. (ఎద్దుల అభిప్రాయం ఎవరూ అడగలేదన్నది మరో లేఖకు తగిన విషయం.) ఒక్క తేడా ఉంది. బరిలోకి వచ్చిన జత కిందటి వారం ఏ జాతరలో లాగిందని కమిటీ అనుమతిపత్రం అడగదు. అక్కడ మొదటి బహుమతి కొట్టిన జత అయితే ఆ మాటే మైకులో నాలుగుసార్లు చెప్పి జనాన్ని పిలుస్తుంది.

తమరు వీలు చూసుకుని విచ్చేసి, సీనియర్ విభాగంలో గెలిచిన జతకు మొదటి బహుమతి అందజేయవలసిందిగా ప్రార్థన. వసతి ఏర్పాట్లు చేయబడును. క్యాడీ అవసరం ఉండదు.

ఇట్లు,
ఆదోని, ఎమ్మిగనూరు తాలూకాల కూలీలు, జీతగాళ్లు, బయానా పుచ్చుకున్నవారు