రక్తం సంగతి తర్వాత, మార్కులెన్ని?

ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులకు శుభవార్త. రక్తహీనతకు మందు దొరికింది. దాని పేరు ప్రశ్నపత్రం.

వాడే విధానం సులువు. గార్లదిన్నె మండలంలో ఒక ఊరు పట్టండి. శెనక్కాయలు పెరికి అలిసొచ్చిన గర్భిణులను అంగన్‌వాడీలో కూర్చోబెట్టండి. ముప్పై ప్రశ్నలతో ప్రీ-టెస్ట్. ముప్పావుగంట ఫ్లిప్‌చార్టు పాఠం. ఏడో రోజున మళ్లీ అవే ముప్పై ప్రశ్నలు. మార్కులు పెరుగుతాయి, పెరగక చస్తాయా? పీ విలువ 0.05 దిగువకు జారుతుంది. గైడు సంతకం, బైండింగు, పట్టా.

'ఇనుము ఎందులో ఉంటుంది?' అంటే ఒక గర్భిణి తోటకూర దగ్గర టిక్కు పెట్టింది. ఇంట్లో తోటకూర ఉందా అన్న గడి లేదు. వికారం పుడుతోందని ఐరన్ మాత్రల స్ట్రిప్పును బియ్యం డబ్బా వెనక దాచిందే, దానికీ గడి లేదు. "అన్నీ సరిగ్గా చెప్తిని గదా సిస్టరమ్మా, ఈ ఆయాసం ఎప్పుడు తగ్గుతాది?" అని అడిగితే, అది మా అధ్యయన పరిధిలోకి రాదనండి.

హిమోగ్లోబిన్ కొలవొచ్చుగా అంటారు గిట్టనివాళ్లు. కొలిస్తే చిక్కే. పెరిగిందో లేదో చూడాలంటే నెల ఆగాలి. నెలలో ఒక గ్రామైనా పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపమని 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ నిబంధన. మార్కులకైతే వారం చాలు. పైగా రక్తం కాపీ కొట్టదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015–16లో 60 శాతం, 2019–21లో 58.8 శాతం. మన పోస్ట్-టెస్టుల్లో మాత్రం అందరూ పాసే. వాపును చూసి బలుపనుకోవద్దని గర్భిణులకు చెప్పే మనమే మార్కుల వాపుకు మురిసిపోతున్నాం.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో క్రిమియా యుద్ధపు చావులను నెలవారీగా, కారణాలవారీగా బొమ్మ గీసి చూపింది. పరిశుభ్రతపై సైనికులకు పోస్ట్-టెస్ట్ పెట్టాలని తోచలేదు, పిచ్చితల్లికి!

పాఠాలు చెప్పండి, ఎవరొద్దన్నారు? చెప్పాక ఏం మారాలో మాత్రం మొదలుపెట్టక ముందే రాసిపెట్టండి. గర్భిణికిచ్చే 180 మాత్రల్లో ఎన్ని కడుపులోకి వెళ్లాయి? హిమోగ్లోబిన్ ఎంత పెరిగింది? బిందె ఎత్తితే ఆయాసం తగ్గిందా? వీటిలో తనకు ఏది ముఖ్యమో ఆ తల్లినే అడగండి. అంత తీరిక లేదంటారా? అయితే థీసిస్‌కు పేరైనా నిజాయితీగా పెట్టండి: 'రక్తహీనత గురించి క్షుణ్ణంగా తెలిసిన రక్తహీనుల సంఖ్యను పెంచుట: ఒక అధ్యయనం.'