శునకవమన పద్యం – టీకా తాత్పర్యం

ఆ. కుక్క కక్కెనేని కూడు ముట్టకయున్న
పాలు పోయబోకు, భయముపడకు
మానవులకు నిచ్చు మాత్ర లీయగ రాదు
వేళ దాటకుండ వెళ్లవయ్య

ప్రతిపదార్థం: కుక్క = ఇంట్లో పెరిగినదైనా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన పడుకునేదైనా; కక్కెనేని = కడుపు ఎగదన్ని వాంతి చేసుకుంటే; కూడు = నాంపల్లి పాఠంలో బిర్యానీ బొమిక, ఆబిడ్స్ పాఠంలో ఉస్మానియా బిస్కెట్టు; ముట్టకయున్న = వాటిని కూడా వాసన చూసి మొహం తిప్పేసుకుంటే; పాలు = మన ఇళ్లలో సర్వరోగ నివారిణి; భయముపడకు = ఇది యజమానికి చెప్పిన మాట, కుక్కకు కాదు.

శంక: కుక్కలు గడ్డి మేసి కక్కడం లోకంలో ఉన్నదే కదా?
సమాధానం: ఉన్నదే. అలా కక్కిన కుక్క తోకాడిస్తూ గిన్నె దగ్గరికి వస్తుంది. కక్కడం, తినకపోవడం రెండూ కలిసినప్పుడే పద్యం పని మొదలవుతుంది. కవి రెంటినీ ఒకే పాదంలో బిగించింది అందుకే.

పాలెందుకు వద్దు? ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. వాంతికి విరేచనం తోడవుతుంది. నీళ్లే కొంచెం కొంచెంగా పట్టాలి. పెద్ద కుక్కయితే కొన్ని గంటలు కడుపుకు విశ్రాంతినిచ్చి, ఆపైన ఉప్పూ కారమూ ఉల్లిపాయా లేని మెత్తటి అన్నంలో ఎముక తీసిన ఉడికించిన కోడిమాంసం నాలుగు ముద్దలు. కుక్కపిల్లను మాత్రం పస్తుంచకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఇక బొమికల సంగతి: ఉడికిన ఎముక పెళుసై చీలికలవుతుంది, పేగుకు గుచ్చుకోవచ్చు, అడ్డం పడవచ్చు. దావతు మిగిలిందని ప్రేమగా పెట్టేవాళ్లే తెల్లారి కంగారుపడేది.

మాత్రలు: పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మొదలైనవి. రెండోది కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మెడికల్ షాపు కుర్రాడి సలహా ఈ పద్యానికి ప్రమాణం కాదు.

వేళ: వ్యాఖ్యానమంతా ఈ మాట మీదే నడవాలి. కుక్కపిల్ల కక్కుతూ, నెత్తురుతో దుర్గంధంగా విరేచనం చేస్తే పార్వో కావచ్చు. ఆ వైరస్‌ను 1978లో గుర్తించారు. దానికి ఈ టీకా పనికిరాదు, అది రాకుండా ఉండాలంటే 6–8 వారాల వయసులో మొదలుపెట్టే ఆ టీకానే కావాలి. పొట్ట ఉబ్బి, ఎంత డోకినా ఏమీ బయటికి రాకపోతే గంటలు కూడా లేవు. చిగురును వేలితో నొక్కి వదలండి; 2 సెకన్లలో గులాబీ రంగు తిరిగి రాకపోయినా, చిగుళ్లు పాలిపోయి ఉన్నా ఆలస్యం వద్దు. ఈ గుర్తులేవీ లేకపోయినా, రోజు గడిచినా తినని పెద్ద కుక్కను చూపించాల్సిందే.

వెళ్లవయ్య: ఎక్కడికో కవి చెప్పలేదు, గణాలు చాలక కాబోలు. ఆబిడ్స్, నాంపల్లి వాళ్లకు దగ్గరలోనే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. ఆటో ఎక్కేముందు వాంతిని ఫోన్లో ఒక ఫోటో తీయండి, టీకాల కార్డు జేబులో పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేవి అవే.