'పలక కూచున్యాది, కానీ': ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "పలక బాగా కూచున్యాదన్నా, కానీ!"

అవతారిక. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని మరీ రాసిన తెలుగువాడాయన. చెక్కతో చిన్న ఓడలు కట్టేవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకునే మాటలకు మాత్రం అలాంటి వ్యాఖ్యాత ఇంతవరకు దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి ఈ వ్యాఖ్యాత పూనుకున్నాడు. పై వాక్యం ఏ తాళపత్రంలోనూ లేదు, తన కల్పనే అని ముందే ఒప్పుకుంటున్నాడు. మూలంలో లేని అర్థాన్ని రాబట్టడం వ్యాఖ్యాతలకు పాత అలవాటే. మూలాన్నే రాబట్టడం దానికి ఒక మెట్టు పైన.

సందర్భం ఇది. ఆత్మకూరులో ఒకాయన వసారాలో కూచుని మూరెడు ఓడ కడుతున్నాడు. సాటి అభిరుచిపరుడు ఒకడు వచ్చాడు. తానూ ఇంట్లో ఒక ఓడ మొదలుపెట్టి మూడో పలక దగ్గర అటక మీదికి ఎక్కించినవాడు. వచ్చి, వంగి చూసి, ఈ మాటన్నాడు.

ఆత్మకూరు అనగా నెల్లూరు ఆత్మకూరు కాదు, అనంతపురం ఆత్మకూరు కాదు, వనపర్తి ఆత్మకూరూ కాదు. మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో నంద్యాల జిల్లాకు వెళ్లిన నల్లమల అంచు ఆత్మకూరు. అదే జిల్లాలో బండి ఆత్మకూరు కూడా ఉంది. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్న సామెత నిజమవడానికి ఇంతకంటే అనువైన జిల్లా లేదని వ్యాఖ్యాత అభిప్రాయం.

శంక: వానకు మొహం వాచిన సీమలో ఓడ ఎందుకయ్యా?

సమాధానం. అడిగినవాడు సంగమేశ్వరం చూసి ఉండడు. ఆత్మకూరుకు దగ్గరలోనే, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, శ్రీశైలం జలాశయం నిండితే అక్కడి గుడి నీళ్లలోకి పోతుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీళ్లు దిగితే గుడి మళ్లీ బయటపడుతుంది. లోపలి లింగం రాతిది కాదు, వేపమొద్దు. భీముడు కాశీ నుంచి లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేపకొయ్యను ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీళ్లలో ఉండి వచ్చే కొయ్యకు దండం పెట్టే ఊళ్లవాళ్లకు, చెక్కకూ నీటికీ ఉన్న చుట్టరికం గురించి వేరే చెప్పాలా?

ఇంకో సాక్ష్యం కేసీ కెనాల్. సుంకేసుల నుంచి కడప దాకా పారే ఆ కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. చేలకు నీళ్లివ్వడంతో పాటు పడవలు నడపడమూ దాని లెక్కలో ఉంది. కంపెనీకి లాభం ముట్టలేదు. 1882లో ప్రభుత్వం కాలువను తీసుకుంది. రైతులకు నీళ్లు మిగిలాయి, పడవల ముచ్చట పోయింది. అంటే సీమలో పడవ కల కొత్తది కాదు, అప్పు తీరనిది.

ఇక ప్రతిపదార్థం.

పలక: బడిపిల్లల పలక కాదు, జాతరలో కొట్టే పలకా కాదు. ఓడ పక్కటెముకల మీద పరిచే సన్నటి చెక్కబద్ద. మందం ఒక మిల్లీమీటరో ఒకటిన్నరో, వెడల్పు అయిదు. ఏ చెక్క? భోజరాజు పేరు మీద ఉన్న యుక్తికల్పతరువు కొయ్యలకు కూడా కులాలు కట్టింది. తేలికగా, మెత్తగా, సులువుగా అతికేది మొదటి జాతి అంది. ఒకే నావలో రెండు జాతులు కలిపితే నిలవదంది. మనుషుల విషయంలో ఆ మాట ఎవరన్నా వ్యాఖ్యాత ఒప్పుకోడు. చెక్క విషయంలో మాత్రం కొంత ఒప్పుకుంటాడు: ఒకటి మెత్తనిదీ ఒకటి గట్టిదీ పక్కపక్కన పెడితే ఉప్పుకాగితం మెత్తనిదాన్నే తినేసి గట్టు మిగులుస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్క మెత్తన, చెక్కుడుకు హాయి. వడ్రంగి అంగట్లో మిగిలిన టేకు ముక్కలు చవక, కానీ చిన్న ఓడ మీద టేకు ఈనె పెద్దదిగా కనబడుతుంది. ఎర్రచందనం జోలికి పోరాదు. ఓడ నీళ్లెక్కకముందే కట్టినవాడు జైలెక్కుతాడు.

అదే గ్రంథం సముద్రపు ఓడ పలకలకు ఇనుము వాడవద్దంది, నీటి కింది అయస్కాంతపు రాళ్లు లాక్కుంటాయని. వసారాలో అయస్కాంతపు రాళ్లు లేకపోయినా చిన్న ఓడలు కట్టేవాళ్లు ఈ నియమాన్ని పాటిస్తూనే ఉన్నారు. రేకులో చిన్న బెజ్జాలు పొడిచి, వెదురు పుల్లను ఒకదాని తర్వాత ఒకటిగా సన్నబెజ్జాల్లోంచి లాగితే దారమంత మేకు వస్తుంది. వెదురుకు నల్లమల అంచున కరువేముంది?

కూచున్యాది: కూర్చున్నది. 'కూచుంది' అని కోస్తా పాఠాంతరం. అర్థం ఒకటే, రుచి వేరు. పలక కూచోవడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఓడ నడుము లావు, ముక్కు సన్నం. నడుము దగ్గర పక్కటెముక చుట్టుకొలత 60 మిల్లీమీటర్లయితే అయిదేసి మిల్లీమీటర్ల పలకలు 12 పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 36 ఉందనుకుందాం. ఆ 12 పలకలే అక్కడా పట్టాలంటే ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లకు సన్నబడాలి. ఈ లెక్క వేయకుండా అతికించుకుంటూ పోయినవాడికి నాలుగో పలక దగ్గర ముక్కు మీద తోపులాట మొదలవుతుంది, తిరునాళ్లలో బస్సు తలుపు దగ్గరిలాగా. కాబట్టి కాగితపు చీలికతో ప్రతి ఎముకా కొలిచి, పలకను చిత్రికతో సన్నం చేసి, వేడినీళ్లలో నానబెట్టి, వంపుకు ఒదిగించి, బట్టల క్లిప్పులతో బిగించి, ఆరనిచ్చి, అప్పుడు ఫెవికాల్. ఎడమ పక్క ఒకటి వేస్తే కుడి పక్క ఒకటి వేయాలి. ఒకే పక్క వేసుకుంటూ పోతే అడుగు దూలం మెలి తిరుగుతుంది. ఇంత జరిగితే పలక 'కూచున్యాది'. లేకపోతే అతుక్కుంది, అంతే.

బాగా: క్రియావిశేషణాల్లో ఇంత అరిగిపోయింది మరొకటి లేదు. అయినా ఇక్కడ చెల్లింది. ఎందుకంటే వచ్చినవాడు 'ఓడ బాగుంది' అనలేదు. ఓడ ఇంకా లేదు, ఎముకలే ఉన్నాయి. లేని ఓడను పొగిడితే కట్టేవాడికి అది మర్యాద మాటని తెలిసిపోతుంది. ఉన్న పలకను పొగిడాడు. ముక్కు దగ్గర వేలుపెట్టి తడిమి, సందు లేదని చూసి పొగిడాడు.

అన్నా: సంబోధన. అన్నవాడు నాలుగేళ్లు పెద్దవాడైనా అనవచ్చు. పనిలో ముందున్నవాడు అన్న.

కానీ: వాక్యానికి ప్రాణం ఈ రెండక్షరాలే. మూడు అర్థాలు.

'అయితే' అని మొదటి అర్థం. బాగా కూచుంది, కానీ రెండో పలక లేచింది, కానీ జిగురు మరక పడింది అని తర్వాత తప్పుల జాబితా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగుతారు. వినేవాడి ఓడ అటకెక్కేదీ ఇక్కడే. మూలంలో కానీ తర్వాత ఏమీ లేదు గనుక ఈ అర్థం దుర్బలం.

'కానివ్వు, సాగించు' అని రెండోది. పేకాటలోనూ పెళ్లిపనుల్లోనూ వాడే కానీ ఇది. వ్యాఖ్యాత మొగ్గు దీనివైపే.

మూడోది శ్లేష. కానీ అంటే పాత లెక్కల్లో అరవైనాలుగో వంతు; రూపాయిలో అరవైనాలుగో భాగమైన నాణెం. లోకంలో ఓడ నమూనాలు కట్టేవాళ్లు వాడే కొలతల్లో ఒకటి 1:64. అసలు ఓడ 64 అడుగులుంటే నమూనా అడుగు. యుక్తికల్పతరువు చెప్పిన 'క్షుద్ర' నావ పొడవు 16 మూరలు, వెడల్పు 4, ఎత్తు 4. కానీ కొలతలో కడితే పొడవు పావు మూర, వెడల్పూ ఎత్తూ వీసం మూర. పావు, వీసం, కానీ: ఎక్కాలు నేర్చిన తాతలకు స్కేలు పట్టీ అక్కరలేదు. నాణెం మాట వచ్చింది గనుక ఇంకొకటి: యజ్ఞశ్రీ శాతకర్ణి రెండో శతాబ్దంలోనే రెండు తెరకొయ్యల ఓడను సీసపు నాణెం మీదికి ఎక్కించాడు. వేలిగోరంత చోటులో తెరకొయ్యలు నిలబెట్టిన ఆ అచ్చు చెక్కినవాడు ఈ అభిరుచిపరులందరికీ పెద్దన్న. అతనికి పలక బాగా కూచుందని ఎవరైనా చెప్పారో లేదో!

తాత్పర్యం. ఓ అన్నా, నీ ఓడలో ఇప్పటిదాకా పడినవాటిలో ఒక పలకను నేను దగ్గరగా చూశాను. అది ఒదిగింది. రెండోదాని సంగతి నీకూ తెలుసు, నేను చెప్పను. పని ఆపకు, అని భావం.

విశేషం. దీనికి అవతలివాడు ఇచ్చిన జవాబు కూడా మూలంలో భాగమేనని కొందరంటారు: "ఆ గిన్నె ఇట్లందియ్యప్పా, నీ మూడో పలక కూడా తీసకరా." గిన్నె అనగా పలకలు నానబెట్టిన వేడినీళ్ల గిన్నె. మూడో పలక అనగా అటక మీదిది.