అభ్యంతరాలుంటే తెలుపగలరు

రాయవరంలో పెళ్లి కుదిరిందంటే అందరి ఇష్టాలూ కనుక్కుంటారు. తాపేశ్వరం ఫోన్ చేసి మడతకాజా ఎంత, గొట్టంకాజా ఎంత అని రెండుసార్లు ఖరారు చేసుకుంటారు. పంతులుగారికి ఆ రోజు ఇంకో ముహూర్తం ఉందేమో అడుగుతారు. హాలువాళ్లని, వంటవాళ్లని, సన్నాయి మేళాన్ని అడుగుతారు. మేనత్త అలిగితే చీర పెట్టి మరీ అడుగుతారు. పెళ్లికూతుర్ని అడిగారా అంటే మాత్రం "దాన్నేం అడుగుతామండీ, చిన్నపిల్ల" అంటారు. ఆ చిన్నపిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ తమ్ముడి కాలేజీ ఫీజు కడుతుంటుంది.

అడక్కుండానే తెలుసుకునే విద్య మనవాళ్లకుంది. పెళ్లిచూపుల్లో తల దించుకుంటే ఇష్టమే. ఏడిస్తే పుట్టింటి మీద బెంగ. రెండు రోజులు అన్నం మానేస్తే సిగ్గు. "నాకొద్దు" అని గట్టిగా అరిస్తే ఎవరి దిష్టో తగిలింది. ఇక వద్దనడానికి పారిపోవడం తప్ప దారేముంది? పారిపోతే పరువు పోయిందంటారు.

అదే పిల్ల ఒక అబ్బాయి పేరు చెప్పిందనుకోండి. "పెళ్లి నిర్ణయం తీసుకునే వయసా నీది?" అని ఇల్లంతా ఒక్క గొంతుతో లేస్తుంది. వయసు చాలదని తేల్చిన ఆ పిల్లకే మాఘమాసంలో ముహూర్తం పెట్టేస్తారు. ఎంచుకోవడానికి చాలని వయసు కాపురం చేయడానికీ పిల్లల్ని కనడానికీ ఎలా సరిపోయిందో అడక్కండి. మా పెద్దలు లెక్కల్లో కాస్త వీక్, కట్నం లెక్కల్లో తప్ప. వంశీగారు కథలు రాసిన పసలపూడి మా మండలమే. ఆ కథల్లో జంట కలిస్తే మురిసిపోతాం, పక్కింట్లో కలిస్తే పంచాయితీ పెడతాం.

ఆఖరి అస్త్రం పశువులపాకలో ఉంటుంది. నాన్నగారు పురుగుల మందు డబ్బా తెచ్చి హాల్లో టీవీ పక్కన పెడతారు. ఒక్క మాట అనరు. అమ్మగారు బీపీ మాత్ర పక్కకు తోసేస్తారు. ఆడపిల్లలే కాదు, ఆరడుగుల మగపిల్లలు కూడా ఆ డబ్బా చూసి పీటల మీద కూర్చున్నవాళ్లే.

ఈ డబ్బా సంగతి కోర్టులకు కొత్త కాదు. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసని ఒకటుంది. ఒకాయన చచ్చిపోతానని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా ఆస్తి మీద హక్కు వదులుకుంటున్నట్టు తన సోదరుడి పేర పత్రం రాయించాడు. ఆత్మహత్య బెదిరింపు కూడా బలవంతమేనని మద్రాసు హైకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఇది 1917 నాటి మాట. కాబట్టి చస్తానని బెదిరించి అరెకరం కొబ్బరితోట రాయించుకుంటే ఆ కాగితం నిలవదు. అదే బెదిరింపుతో కూతురి మెడలో మూడుముళ్లు వేయిస్తే మనం వెళ్లి అక్షింతలు వేసి, భోంచేసి, పెళ్లి బాగా జరిగిందంటాం.

చట్టం ఏమీ చేయదని కాదు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద బలవంతపు పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. బలవంతం ఆగిన ఏడాదిలోపు పిటిషన్ వేయాలి, అంతే. ఆగిన తేదీ ఏదని రాయాలి పాపం? డబ్బా ఇంకా పాకలోనే ఉంది కదా.

ఇష్టపడ్డవాళ్ల విషయంలో మాత్రం చట్టానికెక్కడలేని జాగ్రత్త. వేర్వేరు మతాలవాళ్లు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి దరఖాస్తు పెడితే 30 రోజుల నోటీసు. అది ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు. పొలం రిజిస్ట్రేషన్‌కొచ్చిన బాబాయి తీరిగ్గా చదువుకుని ఇంటికి ఫోన్ కొట్టొచ్చు. జంట కోరితేనే అంటించాలని అలహాబాద్ హైకోర్టు 2021లో అంది. ఇష్టంలేని పిల్లని పీటల మీద కూర్చోబెట్టడానికైతే ఏ గోడ మీదా ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇక కులం సంగతి. 2022 ఏప్రిల్లో మా మండలం కొత్త కోనసీమ జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఉత్త పేరుకే అంత మంట! కులానికి అసలు మందు కులాంతర వివాహమేనని ఆయన 1936లోనే రాశాడనీ, 1948లో తానూ అలాగే చేసుకున్నాడనీ గుర్తొస్తే ఇంకెన్ని కొంపలు అంటుకునేవో.

ఆయన పేరుతోనే కేంద్రం దళిత, దళితేతర జంటకు రెండున్నర లక్షలిచ్చే పథకం పెట్టింది. అవతలి పాట ఇంకా పెద్దది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భిణి భార్యను ఆస్పత్రికి తీసుకొచ్చిన దళిత యువకుణ్ణి ఆమె కళ్లముందే నరికారు. ఆమె తండ్రి కోటికి కుదుర్చుకున్న బేరమని పోలీసులు చెప్పారు. పైసా కట్నం అడగని అల్లుడి మీద కోటి ఖర్చు! 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. "ఆ తండ్రి కడుపుకోత కూడా చూడాలండీ" అనేవాళ్లు మాత్రం ఇవాళ్టికీ ఏ టీకొట్టు దగ్గరైనా దొరుకుతారు.

ప్రేమ పెళ్లిళ్లు చెడిపోవా అంటారు. చెడతాయి. అవి చెడితే "ముందే చెప్పాం" అంటాం, మనం చేసినవి చెడితే "దాని రాత" అంటాం.

నాదో మనవి. ఆ 30 రోజుల నోటీసేదో పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లకు పెడదాం. అభ్యంతరం చెప్పే హక్కు ఇద్దరికే, పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ. ఆ నెల రోజులూ పురుగుల మందు డబ్బాలు పంచాయతీ ఆఫీసులో అప్పజెప్పాలి. "ఆయ్, అలాగైతే ఊళ్లో పెళ్లిళ్లు అవుతాయేంటండీ?" అని ఏ పెద్దమనిషైనా అన్నాడంటే, అది వాంగ్మూలం కింద రాసుకుని సంతకం పెట్టించుకోండి.