జర్మేనియం డయోడ్ ఆత్మకథ
నా పేరు ఓఏ79. చిన్న గాజుగొట్టం, రెండు కొసలా రెండు తీగలు, ఒక కొసన రంగు చార. చార ఉన్నవైపు కాథోడ్. లోపల జర్మేనియం ముక్క, దాన్ని మొనతో తాకుతూ సన్నని తీగ. ఆ మొన తాకినచోటే నా బలమంతా. ఒకవైపే తెరుచుకునే తలుపులా కరెంటును ఒక దిక్కుకే పోనిస్తాను.

నన్ను ఒక ట్రాన్సిస్టర్ రేడియోలో డిటెక్టర్‌గా పెట్టారు. విజయవాడ కేంద్రం పంపిన మీడియం వేవ్ తరంగం 455 కిలోహెర్ట్జ్ మధ్యంతర పౌనఃపున్యానికి (ఐఎఫ్) మారి, ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు దాటి నా దగ్గరికొచ్చేది. మాట దానిమీదే ఎక్కి ఉన్నా, తరంగం పైకెంత ఊగితే కిందికీ అంతే ఊగుతుంది. అలాగే స్పీకరుకిస్తే ఏమీ వినపడదు. నేను ఒక సగాన్ని ఆపేసేదాన్ని. మిగిలిన సగంలోని వేగపు ఊపును పక్కనున్న కెపాసిటర్ మింగేది. అప్పుడు మిగిలేదే మాట! వార్తలు, బాలానందం, పాడిపంటలు అన్నీ నా గుండా వెళ్లినవే. ఇంట్లోవాళ్లు మాత్రం స్పీకరునే మెచ్చుకున్నారు.

సిలికాన్ డయోడ్ 0.6, 0.7 వోల్టు దాకా కదలదు. నాకు 0.2, 0.3 చాలు. అందుకే బలహీనమైన సిగ్నల్‌కు నన్నే వెతికేవారు. వేడికి ఓర్చుకోవడంలో సిలికానే మేలు, ఒప్పుకుంటాను. అది తెలిసి కూడా ఒక మెకానిక్ నా తీగను నోస్‌ప్లయర్‌తో పట్టుకోకుండానే సోల్డరింగ్ ఐరన్ ఆనించి ఉంచాడు. ప్లయర్ ఉంటే ఆ వేడి దానిలోకి పోయేది. ఎలాగో బతికాను.

ఇంట్లోకి టీవీ వచ్చింది, రేడియో అటకెక్కింది. ఎక్కించేముందు బ్యాటరీలు తీయాలని ఎవరికీ తోచలేదు. అవి కారాయి. స్ప్రింగులు తుప్పుపట్టాయి. ఆ రసం బోర్డు మీది రాగిగీతలను కొద్దికొద్దిగా తినేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. నాకు ఏ జబ్బూ లేదు, నా దగ్గరికి సిగ్నల్ వచ్చే దారే పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత మమ్మల్ని పాత సామాన్లవాడి కాటాలో తూచారు. అయస్కాంతం కోసం స్పీకరును పగలగొట్టారు, రాగి కోసం కాయిళ్లు ఊడబీకారు. నాకు రేటు లేదు కనుక బోర్డుతోపాటు కుప్పలో పడేశారు. అన్నేళ్లు మాటను మోసినదాన్ని, తూకానికి కూడా పనికిరాలేదు!

మీ అటక మీద పాత రేడియో ఉంటే ఈరోజే బ్యాటరీలు తీసేయండి. పారేయక తప్పదంటే ముందు నాలాంటి డయోడ్‌ను ఊడదీసి, మల్టీమీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి చూడండి. ఒకవైపు 0.3 దగ్గర అంకె కనిపించి, తీగలు తిప్పితే కనిపించకపోతే అది బాగున్నట్టే. దానికి కాయిల్, గ్యాంగ్ కండెన్సర్, పొడవాటి ఏరియల్, ఎర్త్, క్రిస్టల్ ఇయర్‌ఫోన్ కలిపి పిల్లల చేతికివ్వండి. దగ్గరలోని మీడియం వేవ్ కేంద్రం బ్యాటరీ లేకుండానే పలుకుతుంది.