నొప్పి ఎక్కడున్నా గర్భసంచే ముద్దాయి

మార్కాపురం పలకల గనిలో బండ ఎత్తబోయి ఒక మగవాడికి నడుం పట్టేసిందనుకోండి. బెల్టు కడతారు, ట్రాక్షన్ వేస్తారు, కరెంటు పెడతారు, వ్యాయామాలు నేర్పుతారు. వీధిలోవాళ్లంతా వచ్చి తలా ఒక తైలం పేరు చెప్పిపోతారు. ఇంత హడావుడిలోనూ "ఈ నడుంతో గొడవెందుకు, తీసేద్దాం" అన్న డాక్టరు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

అదే మనిషి భార్యకు ఏడాదిగా పొత్తికడుపులో నొప్పి. కూర్చుంటే నొప్పి, మూత్రానికి పోతే నొప్పి, మొగుడు పక్కకొస్తే నొప్పి. ఈమెకు బెల్టు లేదు, కరెంటు లేదు, తైలం చెప్పే దిక్కు కూడా లేదు. గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా ఈమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. తీసేయడం.

ఆ తతంగం ఎంత ముచ్చటగా సాగుతుందో చూసి తీరాలి. ముందు ఊళ్లో ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. తగ్గదు. "టౌనుకు పోదాం పామ్మా, నేనూ వస్తా" అంటాడు. ఇంత దయ ఎందుకు పుట్టిందో ఆమెకు తెలియదు, నర్సింగ్ హోమ్ కౌంటర్లో కూర్చున్న మనిషికి తెలుసు. స్కానింగ్ తీస్తారు. కాగితం మీద 'బల్కీ యూటరస్' అని పడుతుంది. ఇద్దరు ముగ్గుర్ని కన్న ఆడవాళ్ల గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం మామూలేనన్న సంగతి కాగితం చెప్పదు, చెప్పాల్సినవాళ్లూ చెప్పరు.

"సంచికి వాపుందమ్మా. పిల్లలెంతమంది?"

"ఇద్దురు సార్. ఆపరేషన్ గూడా అయిపాయ."

"ఇంకేం, దాంతో పనేముంది? ఉంచుకుంటే రేపు క్యాన్సరవుద్ది."

క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక బేరాలుండవు. ముప్పై రెండేళ్ల మనిషి మెళ్లో గొలుసు ఆ సాయంత్రానికే తాకట్టు కొట్టుకు చేరుతుంది. ఆపరేషన్ అవుతుంది, కుట్లు మానతాయి. ఆర్నెల్లకు అదే చోట అదే నొప్పి మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడిక తీయడానికేమీ మిగల్లేదు కాబట్టి "నీకంతా భ్రమమ్మా" అని రోగం పేరు మారుస్తారు.

ఇదంతా కక్షతో అల్లిన కథ అనుకునేవారికి సర్కారు లెక్కే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. ఆంధ్రా ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే పట్టే తెగులేదో ఉండాలి మరి! దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టాలనీ, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలనీ 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పాల్సివచ్చింది.

గడ్డలు, ఆగని రక్తస్రావం, నిజమైన క్యాన్సర్ ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. దానితో నాకు తగువు లేదు. నా తగువంతా విచారణ లేకుండానే శిక్ష వేయడం మీద. నొప్పికి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) కారణం కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, మూత్రాశయం, పేగు, వెన్ను కావచ్చు. మామూలు స్కానింగ్‌లో తేలని ముద్దాయి ఇంకొకటుంది, కటి అడుగు కండరాలు. ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక ముడ్డిపూస దాకా పరుచుకుని మూత్రాశయాన్నీ గర్భసంచినీ పేగు చివరనూ మోసేవి అవే. కష్టమైన కాన్పు వల్లో, పాత కోతల వల్లో, ఏళ్ల తరబడి నొప్పిని ఓర్చుకుంటూ ఒళ్లు బిగబట్టడం వల్లో అవి బిగుసుకుపోతాయి. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయి, చేలో మరుగు లేక పొద్దుగూకేదాకా ఉగ్గబట్టుకునే ఆడకూలీకి ఈ బిగింపు గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

దీనికి ఫిజియోథెరపీ ఉంది. శిక్షణ పొందిన థెరపిస్టు గది తలుపేసి, ముందు అంతా వింటుంది. రోగి ఒప్పుకుంటేనే గ్లవ్ వేసుకున్న ఒక్క వేలితో లోపలి కండరాన్ని మెల్లగా తడుముతుంది. ఒకచోట ఆగి నొక్కగానే ఆమె ఉలిక్కిపడి "ఇదే, ఈ నొప్పే" అంటుంది. స్కానింగ్‌కు దొరకని దొంగ వేలికి దొరుకుతాడు. అక్కడే కండరం సడలేదాకా ఒత్తిపట్టి ఉంచడం, పొట్ట నిండా ఊపిరి పీల్చి కింది కండరాల్ని వదలడం నేర్పడం, తుంటి కండరాలు సాగదీయించడం, మూత్రానికి వేళలు అలవాటు చేయడం, ఇదీ వైద్యం. యూట్యూబులో ఊరికే చెప్పే, ఈ కండరాలను బిగించే కెగెల్ వ్యాయామం ఇందులో లేదు. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించమంటే నొప్పి పెరుగుతుంది. ఉత్తర అమెరికాలో 81 మంది మీద జరిపి 2012లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. అందరికీ మూత్రాశయపు నొప్పి, ఈ కండరాల్లో సలుపు. ఒళ్లంతా మామూలు మసాజ్ చేసినవారిలో నూటికి 26 మంది, ఈ కండరాలనే పట్టి వైద్యం చేసినవారిలో 59 మంది బాగా తగ్గిందన్నారు. గంట చొప్పున మహా అయితే పది విడతలు, అంతే.

కాకపోతే ఈ వైద్యంలో ఘోరమైన లోపాలున్నాయి. రక్తం రాదు. బెడ్డు చార్జీ పడదు. ఆర్ఎంపీకి పంచడానికి పైసా మిగలదు. అన్నిటికంటే దుర్భరం, ఒక ఆడమనిషి చెప్పేది గంటసేపు వినాలి. ఇలాంటి వైద్యం మన దగ్గర పుంజుకుంటుందా? పైవాళ్లకు తీరికేదీ! 2025 సెప్టెంబర్ 9న ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోకూడదని లేఖ రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. పేరు ముందు ముక్క కోసం పుట్టిన ఈ చురుకు పొత్తికడుపు నొప్పి కోసం ఎప్పుడు పుడుతుందో.

మన గడ్డకు ఇంకో ముద్దాయి కూడా ఉన్నాడు, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. ఒంట్లో ముదిరితే వెన్నునీ కటి ఎముకలనీ పట్టి బిగదీస్తుంది. నీళ్లు చేసిన నేరానికీ గర్భసంచికే శిక్ష పడుతోందేమోనని చూసే నాథుడు లేడు. మంచినీళ్లు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, దాని సొరంగాల తవ్వకం ముగిసేసరికి దశాబ్దాలు గడిచాయి. ఆడమనిషి పొట్ట కోయడానికి మాత్రం ఒక్క పూట చాలు. మొన్నటిదాకా పడమటి ప్రకాశమైన ఈ గడ్డ మీద గడువుకు పూర్తయ్యే పని అదొక్కటే.

జిల్లా కావాలని ఏళ్ల తరబడి కొట్లాడి 2025లో మార్కాపురం జిల్లా ప్రకటన తెచ్చుకున్నాం. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం జిల్లాకో కమిటీ ఈ ఆపరేషన్లను కనిపెట్టి చూడాలి. కలెక్టరు గారూ, మొదటి సమావేశం ఎప్పుడో చెప్పండి, ఏ నర్సింగ్ హోమ్‌లో ఎంతమందికి, ఏ వయసులో తీశారో ఆ లెక్క చదవండి.

అంతదాకా, అమ్మా, ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసే ముందు "కండరాలు చూశారా సార్" అని అడుగు. చూడలేదంటే ఆ స్కానింగ్ కాగితం చేతబట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పో. డబ్బు కట్టింది నువ్వు, ఆ కాగితం నీది.